ఐమూల గుమాస్తా

ఆఫీసులో అతని అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ అతను ఐమూల. విద్యాశాఖ ఆఫీసులో, కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల దగ్గర ఇరవై నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాడు. పట్టణంలోని తొమ్మిది ప్రభుత్వ బడుల నుంచి ఏటా ఏ తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో కాగితాలు వస్తాయి. వాటిని ఒక పెద్ద పట్టికలోకి ఎక్కించడం అతని పని. ఏళ్ళు పైనుంచి కిందికి, తరగతులు ఎడమ నుంచి కుడికి.

ఆ పట్టికను అందరూ అడ్డంగా చదువుతారు. ఒకటో తరగతిలో నలభై మంది, ఐదులో ఇరవై ఎనిమిది మంది, అంటే పన్నెండు మంది చదువు మానేశారు అని తేల్చేస్తారు. అది వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. "ఆ నలభై మందీ ఈ ఇరవై ఎనిమిది మందీ వేరే వేరే పిల్లలయ్యా! ఒకరి నాడి పట్టుకుని ఇంకొకరికి మందిస్తారా?" అంటాడు. ఈ ఏడు ఒకటిలో ఉన్నవాళ్ళు వచ్చే ఏడు రెండులో ఉంటారు, ఆపై ఏడు మూడులో. పట్టికలో అది ఒక గడి కిందికి, ఒక గడి కుడికి. స్కేలు ఐమూలగా పెట్టి పెన్సిలుతో గీత లాగి, ఆ గీత వెంట పోతేనే అదే గుంపు పెరుగుతూ కనిపిస్తుంది. ఎక్కడ పలచబడిందో, ఎక్కడ కొత్తవాళ్ళు వచ్చి కలిశారో తెలుస్తుంది. పేరు అలా వచ్చింది.

ఒకసారి నాలుగో తరగతి ఊరంతటా సగానికి పడిపోయిందని పై అధికారులు గగ్గోలు పెట్టారు. టీచర్లని తిట్టారు, మెమోలు తయారుచేశారు. ఇతను గీత వెనక్కి లాగాడు. అంతకు మూడేళ్ళ ముందు ఒకటో తరగతిలో చేర్చుకునే వయసు ఐదు నుంచి ఆరుకి పెంచారు. ఆ ఏడు సగం మంది పిల్లలు ఇళ్ళలోనే ఉండిపోయారు. ఆ సన్నటి గుంపే నడుచుకుంటూ నాలుగుకి వచ్చింది. "పిల్లలు ఎక్కడికీ పోలేదు సార్. అసలు చేరిందే అంతమంది," అన్నాడు. మెమోలు చించేశారు. అతనికి మాత్రం ఎవరూ టీ కూడా ఇప్పించలేదు.

ఇతనికి లెక్కలు నేర్పింది వదిన. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఇతనికి పదేళ్ళు. లెక్కల్లో వరసగా రెండుసార్లు తప్పాడు. "మా మరిది బుర్రలో అంకెలు దూరవు, దారి మూసేశారు," అని నవ్వేది, కానీ రోజూ సాయంత్రం గోడకి బొగ్గుతో గళ్ళు గీసి కూర్చోబెట్టేది. ఆ వదినే ఇప్పుడు గోదాముల వెనక బడికి హెడ్‌మిస్ట్రెస్. ఉద్యోగం ఇంకా ఏడాదిన్నర ఉంది.

సోమవారం పొద్దున కంప్యూటర్ సెక్షన్ ఆవిడ ఒక కాగితం తెచ్చి అతని బల్లమీద పడేసింది.

"బాబాయ్, మీ వదినగారి బడికి మూడింది."

"ఏమైంది?"

"ఈ ఏడు ప్రతి పిల్లకీ ప్రభుత్వం ఇచ్చే నంబర్లు, అన్ని ఊళ్ళవీ, ఒకచోట కలిపారు కదా. ఆ బడిలో నూట ఇరవై నాలుగు మందిలో ముప్పై ఎనిమిది నంబర్లు వేరే ఊళ్ళ బడుల్లోనూ కనపడుతున్నాయి. ఒకే పిల్ల, ఒకే రోజు, రెండు ఊళ్ళలో అన్నం తింటోంది."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పదకొండింటికి అధికారి పిలిచాడు. అధికారి చిన్నవాడు, వచ్చి ఆరు నెలలు కాలేదు. గదిలో కుర్చీ ఉన్నా నిలబడే పని చేస్తాడు. గోడమీది మ్యాపులో గోదాముల వైపు వేలు పెట్టాడు.

"ముప్పై ఎనిమిది మంది దొంగ పిల్లలు. తీసేస్తే మిగిలింది ఎనభై ఆరు. తొంభైకి తక్కువైతే పెద్ద బడిలో కలపాలి, రూలు. గురువారం నేనే వెళ్ళి చూస్తాను. శుక్రవారం ఆర్డరు. నాకు ఆ బడి ఐదేళ్ళ తరగతుల లెక్క, మీ నోటు, రెండూ కావాలి."

"పెద్ద బడి హైవే అవతల కదా సార్."

"రెండున్నర కిలోమీటర్లు. బస్సు పాసులిస్తాం."

"రైలు పట్టాల బడిని కలిపినప్పుడూ ఇచ్చాం సార్. డెబ్భై ఒక్కమందిని కాగితం మీద పంపాం. మరుసటి ఏడు గీత లాగితే నలభై మందే ఉన్నారు. మిగతావాళ్ళు ఏ బడిలోనూ తేలలేదు."

అధికారి అతని వైపు మొదటిసారి నిదానంగా చూశాడు. "అది కూడా నోటులో రాయండి. కానీ దొంగ పిల్లల కోసం నేను బడి నడపలేను. అది మాత్రం మీకు అర్థమవ్వాలి."

అతను తిరిగొచ్చి పట్టిక తీశాడు. స్కేలు పెట్టాడు. గోదాముల బడి, ఒకటో తరగతి, ఇరవై ఆరు. మరుసటి ఏడు రెండులో ఇరవై ఆరు. మూడులో ఇరవై ఐదు. నాలుగులో ఇరవై ఐదు. ఐదులో ఇరవై ఐదు. పక్క గీత, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. ఆ పక్కదీ అంతే.

పట్టికలో ఇంకో బడి పుట తీశాడు.

సంత దగ్గరి బడి గీత చూస్తే నలభై, ముప్పై మూడు, ముప్పై ఆరు, ఇరవై ఏడు. అది ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఉండాలి. పిల్లలున్న చోట అంకె కదులుతుంది. గోదాముల చుట్టూ ఉండేది మూటలు మోసేవాళ్ళు, కట్టడాల పనివాళ్ళు. పని ఎక్కడుంటే అక్కడికి పోతారు. ఆ వీధుల్లో ఒక ఇంట్లో రెండేళ్ళున్న కుటుంబం ఉంటే అది వార్త. అలాంటి చోట ఐదేళ్ళు అంకె కదలకుండా ఉందంటే అది పిల్లల లెక్క కాదు, ఎవరో కూర్చుని రాసిన లెక్క.

ఇది అతనికి ఎప్పుడో కనపడాల్సింది. మిగతా ఎనిమిది బడుల అంకెల్నీ పిండి ఆరేసినవాడు, ఈ బడి దగ్గర మాత్రం ఏటా ఒకే మాట రాశాడు. "నమోదు స్థిరంగా ఉన్నది." ఐదు నోట్లు. ఐదింటి కిందా తన సంతకం. ఒక నోటులో అయితే "ప్రశంసనీయం" అని కూడా ఉంది. తన వదిన బడి కదా, బాగుంటుంది అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, అసలు చూడలేదు.

సాయంత్రం ఐదున్నరకి వదిన ఇంటికి వెళ్ళాడు. అన్న డ్యూటీనుంచి ఇంకా రాలేదు. వదిన పెరట్లో తీగమీది బట్టలు తీస్తోంది.

"ఏంటి మరిదిగారూ, దారి తప్పారా?"

"ముప్పై ఎనిమిది మంది ఎవరు వదినా?"

ఆవిడ చేతిలోని దుప్పటి మడత ఆగింది. మళ్ళీ మొదలైంది. మూల మూలకి కలిపి, సగానికి సగం.

"అంటే నీదాకా వచ్చిందన్నమాట. ఆ కొస పట్టుకో."

"నేను దుప్పట్లు మడతపెట్టడానికి రాలేదు!"

"మడతపెడుతూ కూడా అరవొచ్చు. పట్టుకో."

అతను పట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది. నాలుగేళ్ళ క్రితం, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన మూడో నెలలో ఒక తల్లి ఎనిమిదేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. పాత బడి కాగితం లేదు. అద్దె కాగితం లేదు. చేర్చుకునే గడువు అయిపోయింది. ఆఫీసుకి రాస్తే పాత బడివాళ్ళు నంబరు వదలాలన్నారు. పాత బడికి రాస్తే జవాబు లేదు. నంబరు లేకపోతే పుస్తకాలు రావు, మధ్యాహ్నం అన్నం లెక్కలోకి రాదు. అదే వారం మూడో తరగతి హాజరు పట్టీలో పదిహేడో నంబరు పిల్ల, చెప్పాపెట్టకుండా, కుటుంబంతో ఊరు వదిలిపోయింది.

"ఒక పక్క ఖాళీ చోటు. ఒక పక్క గుమ్మంలో నిలబడ్డ పిల్ల. ఏం చెయ్యమంటావ్?"

"ఆ పేరు కొట్టేసి ఈ పేరు రాయాలి."

"కొట్టేస్తే ఒకటి తగ్గుతుంది. రాద్దామంటే రాయనివ్వరు. నువ్వు కూర్చునే ఆఫీసే రాయనివ్వదు. అందుకని, వచ్చే నెల్లో సరిచేద్దాంలే అని, పదిహేడో నంబరు పిలిస్తే నువ్వు పలకవే అన్నాను. పలికింది."

"వచ్చే నెల్లో సరిచేశారా?"

"వచ్చే నెల్లో ఇంకో ఇద్దరొచ్చారు."

నాలుగేళ్ళుగా ఆ బడిలో పిల్లలు పొద్దున్నే వేరే పిల్లల పేర్లకి 'ఉన్నాను టీచర్' అంటున్నారు. వాళ్ళ మార్కుల కాగితాల మీద వేరే తల్లిదండ్రుల పేర్లు. ఐదు పాసై పోయేటప్పుడు వేరే వాళ్ళ సర్టిఫికెట్టు.

"వాళ్ళు పెద్దయ్యాక ఏమవుతుందో ఆలోచించారా? ఎవరి పుట్టినరోజు ఎవరికి? ఎవరి చదువు ఎవరిది?"

"ఆలోచించాను. రోజూ. ఆలోచిస్తూనే అటెండెన్సు తీసుకున్నాను." ఆవిడ గొంతు మొదటిసారి తడబడింది. "నువ్వు స్థిరంగా ఉందని రాసెయ్, నాన్నా. ఒక్కసారి. ఈ ఏడు గడిస్తే నేను ఒక్కొక్కటే సరిచేసి పోతాను."

"ఐదుసార్లు రాశాను కదా. దాని మూలంగానే ఇంతదాకా వచ్చింది."

"అయితే ఏం రాస్తావ్? మీ వదిన దొంగ అనా?"

"గురువారం ఆయన వస్తున్నాడు. పిల్లల్ని చూపిద్దాం. ఉన్నారుగా?"

వదిన నవ్వింది. ఆ నవ్వు చూడటానికి బాగాలేదు. "లెక్కల్లో గట్టివాడివేగానీ లోకం తెలీదు నీకు. వీధిలోంచి ముప్పై ఎనిమిది మందిని పట్టుకొచ్చి కూర్చోబెట్టారంటాడు. నేనైనా అదే అంటాను. వాళ్ళు నిన్న వచ్చారో నాలుగేళ్ళుగా ఉన్నారో ఏ కాగితం చెబుతుంది?"

దుప్పటి ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాడు. వెళ్తానని కూడా చెప్పలేదు.

ఇంట్లో భార్య అతని మొహం చూసి, "ఎవరి అంకె తప్పింది ఇవాళ?" అంది. విషయం విని కంచం తెచ్చి ముందు పెట్టింది. తర్వాత, "మీరు నిజం రాస్తే ఆవిడ పోతుంది, అబద్ధం రాస్తే మీరు పోతారు. బడి ఎలాగూ పోతుంది. మీ అన్నదమ్ములు మాట్లాడుకోవడం కూడా దాంతోనే సరి," అంది. కంచం ముందు కూర్చుని ఆ మాట ఎంత తిప్పి చూసినా తప్పు దొరకలేదు.

మంగళవారం ఆఫీసుకి వెళ్ళి పాత ఫైళ్ళన్నీ కిందికి దించాడు. అటెండెన్సు రిజిస్టర్లు పనికిరావు, అందులో ఉన్నవి పాత పేర్లే. మార్కుల పట్టికలూ అంతే. పుస్తకాలు తీసుకున్న సంతకాలు కూడా వేరే వాళ్ళ పేరుతోనే. ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఆ బడిలో ఏళ్ళ తరబడి తిని, చదివి, దెబ్బలాడుకున్నారు. ఒక్క కాగితం మీద కూడా వాళ్ళ జాడ లేదు. సాయంత్రానికి కళ్ళు మండాయి, చేతులకి దుమ్ము. కంప్యూటర్ ఆవిడ వెళ్తూ వెళ్తూ, "బాబాయ్, ఇంకేం వెతుకుతారు? ఆవిడ అడ్డంగా దొరికిపోయింది," అంది.

"అడ్డంగా దొరికింది. నేను వెతికేది ఐమూలగా," అన్నాడు. తనకే నవ్వు రాలేదు.

బుధవారం మధ్యాహ్నం, మరుగుదొడ్డి పక్క బీరువాలో, చీపుర్ల కింద, ఒక కట్ట కనపడింది. ఆరోగ్య కార్యకర్త కాగితాలు. ఆవిడ ఏడాదికి రెండుసార్లు అన్ని బడులకీ వెళ్ళి పిల్లల ఎత్తు, బరువు చూసి రాసిస్తుంది. ఎవరూ చదవరు. ఇతనూ ఎప్పుడూ చదవలేదు. పేర్లుండవు, తరగతీ నంబరూ మాత్రమే.

గోదాముల బడి కాగితాలు పది తీసి వరసగా పరిచాడు. మూడో తరగతి, పదిహేడో నంబరు. నాలుగేళ్ళ క్రితం మొదటి కొలత, నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. ఐదు నెలల తర్వాత రెండో కొలత, నూట పంతొమ్మిది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పిల్ల తొమ్మిది సెంటీమీటర్లు పొట్టిదైపోయింది.

ఆ తర్వాత? నూట ఇరవై రెండు. నూట ఇరవై ఐదు. నాలుగో తరగతిలో, ఐదో తరగతిలో, మెల్లగా, ఏ పిల్లయినా పెరిగినట్టే పెరుగుతూ పోయింది. ఆ పిల్ల ఐదు పాసై వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఇప్పుడున్న ముప్పై ఎనిమిది నంబర్లు ఒక్కొక్కటే తీశాడు. రెండో తరగతి తొమ్మిది, ఆరు సెంటీమీటర్లు తగ్గి, అక్కడినుంచి పెరిగింది. నాలుగో తరగతి ఇరవై ఒకటి, ఒకేసారి పద్నాలుగు పెరిగాడు. అంత జోరుగా సొరపాదు కూడా పాకదు. ప్రతి గీతకీ ఒక చోట విరుపు ఉంది. అది పాత పిల్ల పోయిన రోజు. విరుపు తర్వాత గీత సాఫీగా పైకి పోయింది. అది కొత్త పిల్ల ఉన్నన్ని రోజులు. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఆరు అలా దొరికాయి. రెండింటికి మాత్రం విరుపు తర్వాత కొలతే లేదు.

దొంగ అంకెలు ఒకేచోట నిలబడి ఉంటాయి. ఇవి ఎదుగుతున్నాయి. చివరి కొలత పోయిన నెలది. అతనికి లేచి బల్ల గుద్దాలనిపించింది. మరుక్షణమే కూలబడ్డాడు. ఈ కాగితాలు బయటపెడితే బడి నిలబడుతుంది. అవే కాగితాలు ప్రతి విరుపు దగ్గరా తేదీతో సహా వదిన చేసిన తప్పు చూపిస్తాయి. ఒకటి దాచి ఒకటి చూపించడానికి లేదు. రెండూ ఒకే గీత.

నోటు రాశాడు. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాడు. వదినకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే రాయలేనని తెలుసు.

గురువారం ఐమూల అధికారి జీపులో, వెనక సీట్లో, నోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవ్వలేదు. ఇద్దామనుకుంటూనే బడి వచ్చేసింది. రెండు గోదాముల గోడల మధ్య ఐదు గదుల బడి. రేకుల కప్పు. లారీ వెళ్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, ఇస్త్రీ చీరలో, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. మరిదివైపు ఒక్కసారి చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు.

అధికారి నేరుగా నాలుగో తరగతికి వెళ్ళాడు. రిజిస్టరు తెప్పించుకుని, తన జాబితాలో ఉన్న ఒక పేరు పిలిచాడు. రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది. రెండు జడలు, ఒకదానికి రిబ్బన్ లేదు.

"ఉన్నాను సార్."

"మీ నాన్న పేరేంటి?"

పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రిజిస్టరులో ఉన్న పేరే.

"అమ్మ పేరు?"

అదీ చెప్పింది.

"పోయిన ఏడు ఎక్కడుండేవాళ్ళు మీరు?"

పిల్ల ఆగింది. ఇది ఎవరూ నేర్పినట్టు లేదు. హెడ్‌మిస్ట్రెస్ వైపు చూసింది.

"అటు చూడకు. నాకు చెప్పు. ఇది నీ పేరేనా? అబద్ధం చెప్తే పోలీసులొస్తారు, తెలుసా?"

తరగతి కుక్కిన పేనులా అయిపోయింది. పిల్ల గౌను అంచు రెండు చేతులా మెలిపెడుతోంది. ఏ పేరు చెప్తే తప్పో దానికి తెలియడం లేదు. వదిన ఒక అడుగు ముందుకేసి, "సార్, అది చిన్నపిల్ల..." అంది.

"మిమ్మల్ని అడగలేదు నేను."

"ఆ పిల్లని కూడా అడక్కండి సార్." ఈ గొంతు వెనకనుంచి వచ్చింది. ఐమూలకే అది తన గొంతులా అనిపించలేదు. "నన్నడగండి. ఆ పేరు ఆ పిల్లది కాదు. పిల్ల మాత్రం ఈ బడిదే. రెండేళ్ళ మూడు నెలలుగా."

అధికారి నెమ్మదిగా తిరిగాడు. "మీకెలా తెలుసు?"

అతను టీచరు బల్లమీద కాగితాలు పరిచాడు. నాలుగో తరగతి, పన్నెండో నంబరు. ఇక్కడ నూట ఇరవై నాలుగు. ఇదిగో, ఇక్కడ నూట పదిహేడు. తేదీ చూడండి. "పిల్లలు పొట్టివాళ్ళు అయిపోరు సార్. మనిషి మారింది. ఇక్కడినుంచి చూడండి, ఇరవై, ఇరవై రెండున్నర, ఇరవై ఐదు, పోయిన నెల ఇరవై ఎనిమిది. ఆరోగ్యం వాళ్ళ కొలత, వాళ్ళ సంతకం. మా ఆఫీసువాళ్ళు ముట్టుకోలేదు, చీపుర్ల కింద ఉన్నాయి. వీధిలోంచి నిన్న తెచ్చిన పిల్లయితే ఈ గీతమీద ఎలా నిలబడుతుంది?"

"మీరు నమ్మమంటే నమ్మాలా?"

"వద్దు సార్. కొలవండి."

గోడకి కొలత పట్టీ అంటించి ఉంది. అధికారి పిల్లని పిలిచి నిలబెట్టాడు. చెప్పులు విప్పించాడు. తనే వంగి, తలమీద స్కేలు పెట్టి చూశాడు. నూట ఇరవై ఎనిమిదిన్నర. జాబితాలో ఇంకో నంబరు పిలిచాడు. ఆ తర్వాత ఇంకోటి. ఐదో తరగతిలోకి వెళ్ళాడు, మూడులోకి వెళ్ళాడు. ఒక్కొక్కరే వచ్చి గోడకి ఆనుకోవడం, ఐమూల కాగితం మీది అంకె ముందే మడిచి పెట్టడం, అధికారి తన అంకె పైకి చదవడం, తర్వాత మడత విప్పడం. ఒక పిల్లాడి దగ్గర రెండు సెంటీమీటర్లు తేడా వచ్చింది. వాడు మునివేళ్ళ మీద నిలబడ్డాడని పక్కబెంచీ వాడు అరిచి చెప్పాడు. మళ్ళీ కొలిస్తే సరిపోయింది.

ఒంటిగంటన్నరకి లెక్క తేలింది. ముప్పై ఆరు మంది ఉన్నారు. ఇద్దరు లేరు. ఎనభై ఆరుకి ముప్పై ఆరు, నూట ఇరవై రెండు.

అధికారి వరండాలోకి వచ్చి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఐమూల అప్పుడు నోటు ఆయన చేతికిచ్చాడు.

"ఆవిడ మీకేమవుతారు?"

"వదిన సార్."

"అయితే ఈ నోటు మీరు రాయకూడదు."

"రాయకూడదు సార్. కానీ ఐదేళ్ళుగా రాస్తున్నాను. చూడకుండా సంతకం పెట్టాను. అదీ రాశాను, చివరి పేరాలో."

అధికారి చివరి పేరా చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బడి ఉంటుంది. ఈ పిల్లలందరికీ వాళ్ళ పేర్లతో కొత్త నంబర్లిప్పిస్తాను, కాగితాలున్నా లేకపోయినా. ఈ బడి అయిపోయి వెళ్ళినవాళ్ళ సంగతి తర్వాత చూడాలి, ఎలా చూడాలో నాకు తెలీదు." ఆగాడు. "మీకు మెమో వస్తుంది. ఆవిడ రేపటినుంచి రానక్కర్లేదు. విచారణ జరుగుతుంది. దానిమీద నన్నేమీ అడక్కండి."

అడగలేదు.

వదిన వెనకే నిలబడి ఉంది. అంతా వింది. తాళాలగుత్తి తీసి అధికారి చేతికిచ్చింది. మరిది ముందుకొచ్చి ఆగింది.

"ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"చేస్తే రాయలేకపోయేవాణ్ణి."

"అవును," అంది ఆవిడ. "నేను బతిమాలేదాన్ని." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ అన్నకి నేనే చెప్తాను. నువ్వు కొన్నాళ్ళు ఇంటికి రాకు. నాకు కోపం ఉంది. అది తగ్గాక నేనే కబురు చేస్తాను."

అతను తలూపాడు.

అధికారి కొత్త రిజిస్టరు తెప్పించి, అక్కడికక్కడే ముప్పై ఆరు పేర్లూ రాయమన్నాడు. ఐమూల ఆఫీసు గదిలో కూర్చుని మొదటి పిల్లని పిలిచాడు. రెండు జడల పిల్లే. "నీ పేరు చెప్పమ్మా," అన్నాడు. పిల్ల నోరు విప్పలేదు. రెండోసారి అడిగాడు. పోలీసులు ఇంకా దాని కళ్ళల్లోనే ఉన్నారు. వెనక వరసలో ఉన్నవాళ్ళూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒకడు పాత పేరే చెప్పి నాలిక కరుచుకున్నాడు. ఇలా అయితే ఈ ముప్పై ఆరు పేర్లూ ఎన్నటికి తేలతాయో అతనికి తెలియలేదు.

గుమ్మం బయట సంచీ భుజానికి తగిలించుకుని వదిన వెళ్ళబోతోంది. ఆగింది. లోపలికొచ్చింది. తన కుర్చీలో ఇప్పుడు అధికారి ఉన్నాడు. ఆవిడ గోడ పక్కన నిలబడి, పిల్ల తలమీద చెయ్యి వేసి, దాని అసలు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన నెల, ముందుండిన ఊరు, చివరికి ఇంట్లో పిలిచే ముద్దుపేరు. పిల్ల తలెత్తి చూసింది.

"రాసుకో. తండ్రి పేరులో దీర్ఘం ఉంది, తినెయ్యకు. తర్వాత, ఆ నల్ల చొక్కా వాడు..."

వాడి పేరు చెప్పింది. వాడి చెల్లి పేరు చెప్పింది. ఆ తర్వాతి పిల్లది చెప్పింది. చేతిలో కాగితం లేదు. ఒక్కచోట కూడా తడుముకోలేదు. అధికారి ఒకసారి వారిద్దామన్నట్టు నోరు తెరిచి, ఊరుకున్నాడు. ఐమూల తలెత్తకుండా రాస్తున్నాడు, పైనుంచి కిందికి, ఒక పేరు కింద ఒక పేరు. ఇరవయ్యో పేరు దగ్గర అక్షరాలు మసకబారితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆగావేం? చెయ్యి నొప్పా?" అంది వదిన. "ఇంకా పదహారు మంది ఉన్నారు. రాయి."